రన్‌వే మీద వణికిన నీడ

1999 వేసవి. మాదాపూర్‌లో అప్పటికింకా భవనాల కన్నా బండరాళ్ళే ఎక్కువ. ఆ బండల మధ్య లేచిన ఒక అద్దాల భవనంలో, రెండో అంతస్తులో మా ఆఫీసు. విమానం నడిపే వీడియో గేమ్ తయారుచేస్తున్న విదేశీ కంపెనీ ఒకటి అందులో కొంత పని మాకిచ్చింది. తెర మీద నేల, ఆకాశం, విమానం, దాని నీడ గీసే ప్రోగ్రాం నా బాధ్యత. భీమవరం నుంచి వచ్చి మూడేళ్ళు కాలేదు, అప్పుడే నాకు కొమ్ములొచ్చాయి. ఈ వృత్తి గురించి అడిగేవాళ్ళకి చాలా కథలు చెప్పాను. ఇది మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

ప్రోగ్రామర్లది ఏసీ గది. ఆ రోజుల్లో కంప్యూటర్ గదంటే గర్భగుడే. బూట్లు బయట విప్పి, సాక్సులతో లోపలికి వెళ్ళాలి. టెస్టర్లు, అంటే గేమ్ ఆడి తప్పులు పట్టేవాళ్ళు, వరండాకి అటు చివర ఫ్యాన్లున్న హాల్లో కూర్చునేవారు. మా బల్లల మీద ఆ విదేశీ క్లయింటు పంపిన, తెర మీద బొమ్మలు గీసే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్న మెషీన్లు, వాళ్ళ బల్లల మీద సికింద్రాబాద్‌లో అసెంబుల్ చేయించిన చవక మెషీన్లు. వాళ్ళు మా గదిలోకి రాకూడదు. మేం వాళ్ళ హాలుకి వెళ్ళకూడదని ఎక్కడా రాసిలేదు గానీ, ఎవరమూ వెళ్ళేవాళ్ళం కాదు. వెళ్ళాలంటే బూట్లు తొడిగి లేసులు కట్టుకోవాలి, తిరిగొచ్చి మళ్ళీ విప్పాలి.

ఆ హాల్లో యాదగిరి గారు ఉండేవారు. నలభై ఆరేళ్ళ మనిషి, మూసాపేట నుంచి మోపెడ్ మీద వచ్చేవారు. ఇరవై ఏళ్ళు చిన్న విమానాలు బాగుచేసిన మెకానిక్. ఆయన పనిచేసిన హ్యాంగర్, అంటే విమానాల షెడ్డు, మూతపడ్డాక, విమానం సంగతి తెలిసిన టెస్టర్ ఒకరుండాలని మా మేనేజర్ రఘురాం గారే ఆయన్ని తీసుకున్నారు. ఆరు నెలల ప్రొబేషన్. గట్టెక్కితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి.

ఏప్రిల్‌లో ఆయన రాసిన బగ్, అంటే గేమ్‌లో తప్పు గురించిన ఫిర్యాదు, నా దగ్గరికొచ్చింది. నంబర్ 214. ఇంగ్లీషు అంతంతమాత్రం. విమానం దిగేటప్పుడు నీడ వణుకుతోంది, చక్రాల కింద నిలవడం లేదు అని దాని సారాంశం. నా మెషీన్ మీద విమానం దింపి చూశాను. నీడ బుద్ధిగా చక్రాల కిందే ఉంది. ‘నాట్ రీప్రొడ్యూసిబుల్’ అని కొట్టి మూసేశాను. మీరు చెప్పిన తప్పు మాకు కనబడలేదు అని దానర్థం. మర్నాడు ఆయన మళ్ళీ తెరిచారు. నేను మళ్ళీ మూశాను. మరో రెండు రోజులకి ఇంకోసారి తెరిచి, ఈసారి మనిషే వచ్చారు. గుమ్మం అవతల, బూట్ల వరస పక్కన నిలబడి పిలిచారు.

“మూర్తి సార్, జర ఒక్కసారి నా మిషన్ కాడికి రాండ్రి. నీడ గజగజ వణుకుతున్నది.”

“నా మెషీన్‌లో బాగానే ఉందండి,” అన్నాను, కుర్చీలోంచి లేవకుండానే.

“మీ దాంట్ల మంచిగనే ఉంటది సార్. నా దాంట్ల చూడుండ్రి. ఇరవై ఏండ్లు రన్‌వే పక్కన నిలబడి చూసిన. విమానం దిగుతుంటే నీడ ఎదురొచ్చి టైరు కిందికి చేరుతది. టైరు, నీడ కలిసినప్పుడే దిగినట్టు. అవి కలవకుంటే నడిపెటోనికి నేల యాడున్నదో ఎట్ల తెలుస్తది?”

“సరేలెండి, చూస్తాను. మీరు వెళ్ళండి.”

ఆయన కదల్లేదు. గొంతు తగ్గించి, “నెలాఖరుకి నా ప్రొబేషన్ అయిపోతది సార్. ఒక్క బగ్గును మూడుసార్లు మూస్తే నా పేరు మీద మచ్చ పడతదట. ఈ వయసుల మల్ల నన్నెవ్వరు తీసుకుంటరు? ఐదు నిమిషాలు, అంతే,” అన్నారు.

ఐదు నిమిషాలు! నా దగ్గర లేకనా? లేసులు కట్టుకోవడానికి బద్ధకం. అంతకు మించి, ఒక మెకానిక్ పిలిస్తే నేను లేచి వెళ్ళడమేమిటన్న పొగరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని చేతకాక ఏదో వంక పెడుతున్నాడనుకున్నాను. ఆయన అటు వెళ్ళగానే మూడోసారి కూడా మూసేశాను.

నెలాఖర్న రఘురాం గారు తన గదిలోకి పిలిచారు. కర్నూలు మనిషి, ఏ మాటైనా సూటిగా అడుగుతారు.

“ఏమప్పా మూర్తీ, ఆ నీడ గొడవ నిజమేనా? ఆయప్ప సంగతి ఈ పొద్దు తేల్చాల.”

“లేదండీ. ఆయనకి విమానాలు తెలుసు గానీ గేములు తెలీవు,” అన్నాను. ఆ మాటకి నేనే నవ్వాను కూడా. ఏదో పెద్ద చమత్కారం చేశాననుకున్నాను, ఛీ.

యాదగిరి గారు ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు. సంచీ భుజాన వేసుకుని మా గుమ్మం దగ్గర ఆగి, “పోయొస్త సార్. నీడ సంగతి మాత్రం మర్చిపోకుండ్రి,” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు వారాలకి క్లయింటు నుంచి మెయిల్. చవక కార్డులున్న మెషీన్ల మీద విమానం నీడ వణుకుతోంది, కొనేవాళ్ళలో చాలామంది దగ్గర ఆ కార్డులే ఉన్నాయి, వారంలో బాగుచేయకపోతే పని వెనక్కి తీసుకుంటాం అని రాశారు. అప్పుడు కట్టుకున్నాను లేసులు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. హాలు చివర యాదగిరి గారి మెషీన్ ఖాళీగానే ఉంది. విమానం దింపాను. రన్‌వే మీద నీడ చారలు చారలుగా చీలి, వస్తూ పోతూ ఉంది. చక్రాలు ఆనేవేళకి అసలు నీడే లేదు. మానిటర్ అంచున టేపుతో అంటించిన చీటీ మీద ఆయన చేతిరాత: “దిగేటప్పుడు నీడ చూడాలె. 214.” నాకు తల కొట్టేసినట్టయింది.

కారణం గంటలో దొరికింది. తెర మీద ప్రతి చుక్కా కంటికి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె ఒకటి కార్డు దాచుకుంటుంది. ఆ అంకెల పట్టీని జెడ్-బఫర్ అంటారు. రెండు వస్తువులు ఒకేచోట పడితే, అంకె చూసి దగ్గరున్నదాన్నే గీస్తుంది. మా గేమ్‌లో నీడంటే రన్‌వేకి వేలెడు ఎత్తున పరిచిన పలచటి నల్లబొమ్మ. దూరాల లెక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది నియర్ ప్లేన్. కాక్‌పిట్‌లో, అంటే పైలట్ కూర్చునే చోట, డయళ్ళు కనబడాలని మార్చిలో ఎవరో ఆ దూరాన్ని మీటరు నుంచి బెత్తెడుకి కుదించారు. స్కేలు మీద గీతలన్నీ మొదటి అంగుళంలోనే కుక్కేసినట్టు, ఉన్న అంకెలన్నీ ముక్కు ముందరి జాగాకే ఖర్చయిపోయాయి. ఖరీదైన కార్డులో అంకెలు బోలెడు కాబట్టి మిగిలినవి సరిపోయాయి. చవక కార్డులో నీడకీ రన్‌వేకీ ఒకే అంకె పడి, ఏది పైనో తేలక, కార్డు ఒకచోట ఇదీ ఒకచోట అదీ గీసింది.

ఆ ఎవరో నేనే. మార్చిన వరస పక్కన నా పొడి అక్షరాలున్నాయి.

కాక్‌పిట్‌ని విడిగా గీయించి, మిగతా దృశ్యానికి నియర్ ప్లేన్‌ని మళ్ళీ మీటరుకి జరిపాను. రెండు రోజుల పని. ఈసారి పరీక్షంతా యాదగిరి గారి కుర్చీలో కూర్చునే చేశాను. నీడ ఎదురొచ్చి టైరు కింద చేరింది, అచ్చం ఆయన చెప్పినట్టే.

ఇక్కడితో ఆగితే దీన్ని పొరపాటనేవాణ్ణి. కానీ బాగుచేసిన ప్రతిదీ ఏదో ఒక బగ్ నంబర్ కింద చూపించాలి. 214 మళ్ళీ తెరిస్తే, నేను దాన్ని మూడుసార్లు మూసిన సంగతి తేదీలతో సహా రఘురాం గారి కంట పడుతుంది. పడితే యాదగిరి గారిని వెనక్కి పిలిచేవారు కూడా, ఆయన అలాంటి మనిషే. అది తెలిసే నేను కొత్త నంబర్ తెరిచాను, 391. కనిపెట్టినవారు అన్నచోట ‘క్లయింట్’ అని రాశాను. క్లయింటు మెచ్చుకుంటూ రాసిన మెయిల్‌ని రఘురాం గారు ఆఫీసులో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. సాక్సులతో నిలబడి సిగ్గులేకుండా నవ్వాను.

జూలైలో ఒక ఆదివారం, ఉండబట్టలేక అడ్రసు కనుక్కుని మూసాపేట వెళ్ళాను. యాదగిరి గారు ఇంటి ముందు రేకుల కింద నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచి స్టూలు వేశారు, లోపలికి చాయ్ చెప్పారు.

“మీరన్నది నిజమేనండి. నీడ వణికింది. తప్పు నాదే. బాగుచేశాను,” అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. “అగో! నేను చెప్పలే? ఇప్పుడు టైరు కిందికే వస్తున్నదా?”

“వస్తోందండి. మీ మెషీన్ మీదే చూశాను.”

“ఏమే, ఇన్నవా?” అని లోపలికి కేకేశారు. “నీడ నిజమేనట!”

ఆయన భార్య చాయ్ తెచ్చి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మామూలుగానే అడిగారు, “మల్ల ఏ నంబర్ మీద మూసిండ్రు సార్? రెండొందల పద్నాలుగు మీదనే గదా?”

నేను చాయ్ గ్లాసులోకి చూశాను. ఆయన నా మొహం చూశారు. తర్వాత స్పానర్ తీసుకుని మోటారు మీదకి వంగారు. “చాయ్ చల్లారిపోతది, తాగుండ్రి,” అన్నారు. నేను లేచి వచ్చేదాకా మళ్ళీ తలెత్తలేదు.

ఇప్పుడు నా దగ్గర కొత్తగా చేరేవాళ్ళకి మొదటిరోజే చెబుతాను: తప్పు ఎవరి మెషీన్ మీద కనబడిందో, లేచి ఆ మెషీన్ దగ్గరికే వెళ్ళి చూడండి. మంచి పద్ధతి సార్ అంటారు. నిజమే, పద్ధతి నేర్చుకున్నాను. కానీ నేను నేర్చుకున్న సంగతి ఆయనకే ఉపయోగానికి రాలేదు. మూసాపేట నుంచి వచ్చిన మర్నాడు, సోమవారం, ఆఫీసులో 214 వెతికి తీశాను. దాన్ని మళ్ళీ తెరిస్తే ఆయన ఉద్యోగం ఇప్పటికైనా తిరిగొస్తుందని తెలుసు. ‘రీఓపెన్’, అంటే మళ్ళీ తెరువు, అన్న బటన్ మీదకి మౌస్ తెచ్చి, చాలాసేపు కూర్చున్నాను. నొక్కలేదు.