అంకుల్ కూడా పడాలి

మా అమ్మాయి ఐస్ హాకీ నేర్చుకుంటానన్నప్పుడు హాకీ గురించి నాకు తెలిసింది ఒక్కటే, కర్ర ఉంటుందని. ఐస్ గురించి తెలిసింది కూడా ఒక్కటే, జ్యూస్‌లో వేసుకుంటారని. ఈ రెండూ కలిస్తే ఒక ఆట అవుతుందనీ, ఆ ఆట నాకు ఒక శత్రువును సంపాదించి పెడుతుందనీ అప్పటికి తెలియదు.

మేముండే ట్రాయ్ ఊళ్ళో, మా ఇంటికి దగ్గరగా ఉన్న ఐస్ రింక్‌లో కొత్తపిల్లలకు శనివారం ఉదయం క్లాసులు. హెల్మెట్, ప్యాడ్లు, కర్ర వాళ్ళే ఇస్తారు, సెషన్ అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. స్కేట్లు, అంటే అడుగున ఇనప బ్లేడుండే బూట్లు, మాత్రం మనం కొనుక్కోవాలి. అవన్నీ తొడిగేసరికి మా ఎనిమిదేళ్ళ పిల్ల చుట్టచుట్టిన పరుపులా తయారైంది. అలాంటి పరుపులన్నీ ఐస్ మీద ఆసరాకి ప్లాస్టిక్ కుర్చీలు తోసుకుంటూ తిరుగుతుంటే, మేం రింక్ చుట్టూ ఉండే అద్దానికి ఇవతల కాఫీ కప్పులతో నిలబడి చూస్తాం. అక్కడ మొదట నేర్పేది ఆడటం కాదు, పడటం. పడ్డాక మోకాళ్ళ మీదికి రావడం, ఒక పాదం ఆనించడం, తొడ మీద రెండు చేతులూ నొక్కి లేవడం. కోచ్ ఒక కాలేజీ అమ్మాయి. తల్లిదండ్రులకు ఆమె పెట్టిన నియమం ఒక్కటే: పడ్డ పిల్లను ఎవరూ లేపకూడదు, ఎంతసేపైనా సరే తనంతట తనే లేవాలి.

నేను తెలుగు తల్లిని. పిల్ల పడితే నిలబడి కాఫీ తాగడం మా సిలబస్‌లో లేదు.

రెండో వారం మా అమ్మాయి గేటు దగ్గరే పడింది. లేవబోయి మళ్ళీ పడింది. మూడోసారి మోచేతుల మీద ఆగి నా వైపు చూసింది. కాఫీ ఎక్కడ పెట్టానో గుర్తులేదు, గేటు తోసుకుని మామూలు బూట్లతోనే ఐస్ మీదికి వెళ్ళాను. వెళ్ళాను అనడం గొప్పలకు పోవడమే. ఒక కాలు వెళ్ళింది, రెండోది తన దారి తను చూసుకుంది. వెల్లకిలా పడి, పడ్డదాన్ని పడ్డట్టే జారి, నా కూతుర్ని ఢీకొట్టి, అప్పుడే మోకాళ్ళ మీదికొస్తున్న దాన్ని మళ్ళీ పడేసి, ఇద్దరం కలిసి పక్క పిల్ల కుర్చీని పడేశాం.

ఐస్ హాకీలో బంతి ఉండదు, పక్ అనే రబ్బరు బిళ్ళ ఒక్కటే ఉంటుందంటారు. ఆ రోజు నాకు రెండు వినిపించాయి: పక, పక.

నవ్వింది తెలిసినాయనే. మా కాలనీలోనే ఇల్లు, నాలాగే కార్ల కంపెనీలో ఇంజినీరు. కొడుకు పెద్దపిల్లల టీములో ఆడతాడు కాబట్టి ఈయన కొత్తపిల్లల క్లాసుకు వాలంటీరు. స్కేట్ల మీద వెనక్కి కూడా నడుస్తాడు. ఆ వెనక్కి నడకలోనే ఫోన్ తీసి నన్ను షూట్ చేశాడు.

"అక్కా, జర చూస్కొని రావాలె గదా! గిది ఐస్, మీ కిచెన్ గాదు."

మేం ఇంటికి చేరేలోపే ఆ వీడియో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరింది. కింద ఒక ముక్క రాశాడు: "ఐస్ మీద మన అక్క కూలిపూడి."

మాటలతో ఆడుకోవడం నాకూ సరదానే. ఇంట్లో ఎవరూ నవ్వకపోయినా నా జోకుకి నేనే నవ్వుకునే రకాన్ని. కూలిపూడి చాలా మంచి మాట. అది నాకు రావాల్సిన మాట. కూలింది నేనైతే, పేరు ఆయనకొచ్చింది. అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది. ఆ రోజు నుంచి ఆయనకు నేను వీడియోగారు అని పేరు పెట్టుకున్నాను. బాగా లేదని నాకూ తెలుసు. కోపంలో అంతకన్నా తోచలేదు.

"లైట్ తీస్కో," అన్నారు మావారు. ఆయన అన్నీ లైట్‌గానే తీసుకుంటారు, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళేటప్పుడు లగేజీ తప్ప.

నామీద మాత్రమే నవ్వితే నేనూ లైట్ తీసుకునేదాన్నేమో. ఆదివారం తెలుగు క్లాసులో పిల్లలు మా అమ్మాయి ముందు కార్పెట్ మీద వెల్లకిలా పడి చూపించారట. ఇంటికొచ్చి హాకీ బ్యాగును క్లోజెట్‌లోకి కాలితో తోసేసింది.

"నేను వెళ్ళను. డన్."

"ఎవరో నవ్వారని మానేస్తామా?"

"వాళ్ళు నవ్వారు బికాజ్ నువ్వు వచ్చావ్."

నిజమే. కానీ ఆ పిల్ల కుర్చీ వదిలేసి మొదటిసారి తనంతట తను జారినప్పటి మొహం నేను చూశాను. పియానో ముందు, చెస్ బోర్డు ముందు, స్విమ్మింగ్ పూల్‌లో ఎన్నడూ చూడని మొహం అది. ఒక శీర్షిక కోసం దాన్ని పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. కాసేపటికి తనే వచ్చి నా మంచం అంచున కూర్చుంది.

"లాస్ట్ డే పేరెంట్స్ వర్సెస్ కిడ్స్ గేమ్ ఉంది కదా. అంకుల్ ఆడతాడు."

"ఆడతాడు."

"అంకుల్ కూడా పడాలి. అందరి ముందు."

"పడితే?"

"నెక్స్ట్ సెషన్ కూడా చేస్తా. పడకపోతే క్విట్. అండ్ నువ్వే పడెయ్యాలి."

పిల్లలకు పగ నేర్పకూడదని పెద్దలంటారు. నేను నేర్పలేదు. అది మా అమ్మ వైపు నుంచి వచ్చింది.

అదే రింక్‌లో పెద్దవాళ్ళ బిగినర్ క్లాసులో చేరాను. బుధవారం లంచ్ టైమ్‌లో ఉండేది. ఆఫీసు క్యాలెండర్‌లో డెంటిస్ట్ అని బ్లాక్ చేశాను. కొన్ని వారాలకు మా మేనేజర్ నా పళ్ళ గురించి నిజంగానే దిగులు పడ్డాడు. సెకండ్ హ్యాండ్ స్కేట్లు కొన్నాను. కోచ్ మళ్ళీ ఆ కాలేజీ అమ్మాయే.

"పడటం మీకు చాలా సహజంగా వస్తోంది," అంది. మిగతా వాటి గురించి ఏమీ అనలేదు, మర్యాదస్తురాలు.

పడిన ప్రతిసారీ పక్కన వీడియోగారు కూడా పడ్డట్టు ఊహించుకునేదాన్ని. మీటింగుల్లో మ్యూట్‌లో ఉండి అదే ఊహ. ఒకసారి ఆయన మూతి, ఒకసారి నడుం. అలా చివరికి ముందుకు పోవడం, ఎడమవైపు తిరగడం, పాదాలు లోపలికి వంచి ఆగడం వచ్చాయి. కుడివైపు తిరగడం రాలేదు. శత్రువు ఎడమవైపు నుంచే వస్తాడని సర్దుకున్నాను.

ఆఖరి శనివారానికి ముందు దసరా వచ్చింది. అప్పటికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. కూలిపూడి వీడియోను ఆవిడ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. నవ్వడానికి కాదు, నవ్వినవాడి గొంతు గుర్తుపెట్టుకోవడానికి. ఆయుధపూజ రోజు కార్లకు, ల్యాప్‌టాప్‌లకు, మిక్సీకి బొట్లు పెట్టాక మా ఇద్దరి స్కేట్లు తెమ్మంది. పసుపు, కుంకుమ, రెండు చామంతిపూలు. గ్యారేజ్‌లో కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కారు ముందుకు కదిలించాం. పగిలాయి.

"ఇంక నువ్వు తొక్కు," అంది అమ్మ.

"నేనా?"

"యుద్ధానికి వెళ్ళేది ఇవేగా? అవి తొడుక్కుని తొక్కవే."

అమ్మాయి స్కూల్లో ఉంది కాబట్టి దాని స్కేట్లకు బొట్లతోనే సరిపెట్టాం. నావి తొడుక్కుని, కారు అద్దం పట్టుకుని, గ్యారేజ్ సిమెంటు నేల మీద నిలబడ్డాను. అమ్మ ఒక్కో కాలి ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టింది.

"అలా ముద్దుగా కాదు. వాడి నవ్వనుకుని తొక్కు."

తొక్కాను. మెలితిప్పి తొక్కాను. కాయ నలిగిపోయాక కూడా తొక్కాను. బ్లేడ్ల కింద నేల కిర్రు కిర్రుమంది. దిష్టి పోతున్న చప్పుడని ఇద్దరం సంతోషించాం.

శనివారం రింక్ నిండా జనం. అమ్మ రెండు స్వెటర్లు, మంకీ క్యాపు వేసుకుని పైమెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. నేను గేటు దాటి మొదటి అడుగు వేశాను. కుడికాలు పక్కకు పోయింది. ఎడమకాలు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. గోడ పట్టుకుని వేలాడుతుంటే మా అమ్మాయి వచ్చి నా కాలెత్తి బ్లేడు కిందికి చూసింది.

"అమ్మా! కాంక్రీట్ మీద నడిచావా?"

"నడవలేదు. నిమ్మకాయలు తొక్కాను."

"వాట్?"

"పూజ."

అది పైకి చూసింది. అమ్మమ్మ బొటనవేలు ఎత్తి చూపించింది.

"ఎడ్జెస్ మొత్తం పోయాయి. ఆ షార్ప్ ఎడ్జ్ ఉంటేనే ఐస్‌ని పట్టుకుంటుంది. ఇప్పుడు నువ్వు టర్న్ అవ్వలేవు, స్టాప్ అవ్వలేవు." హెల్మెట్ సర్దుకుంటూ చిన్నగా అంది. "ఇట్స్ ఓకే. అంకుల్ పడడులే."

ఆ 'పడడులే' ముందు కూలిపూడి ఎంత!

ఆట మొదలైంది. వీడియోగారూ నేనూ ఒకే జట్టు, తల్లిదండ్రుల జట్టు. ఆయన పక్‌ను కర్రతో నడిపిస్తూ, చిన్నపిల్లల మధ్య మెలికలు తిరుగుతూ, అద్దం అవతలి వాళ్ళకు కనిపించేలా నవ్వుతున్నాడు. నేను నా పగతో సహా ఐస్ మధ్యలో చతికిలబడ్డాను. లేవబోతే జారుతున్నాను. నేర్చుకున్న ఎడమ మలుపు కూడా నిమ్మకాయల్లో కలిసిపోయింది. నన్ను చూసి ఆయన పక్‌తో సహా నా ముందుకొచ్చి ఆగాడు. కర్ర చంకలో పెట్టి ఫోన్ తీశాడు.

"అక్కా, పార్ట్ టూ! స్మైల్ గొట్టుర్రి!"

అమ్మాయి దూరంగా నిలబడి మమ్మల్నే చూస్తోంది.

"లేవనీకి వస్తలేదండీ," అన్నాను, దీనంగా, ఆయన యాసలోనే.

"అయ్యో, ఇయ్యుర్రి చెయ్యి."

పడ్డవాళ్ళను లేపకూడదన్న నియమం వాలంటీరుకు తెలియనిదా? అయినా చెయ్యి ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. సగం లేచాను. అప్పుడు నాకు ఈ ఆటలో వచ్చిన ఒకే ఒక్క విద్యను ప్రదర్శించాను. మోకాళ్ళు వంచి, బరువంతా ఒకవైపు వేసి, కోచ్ నేర్పినట్టే, శాస్త్రోక్తంగా పడ్డాను. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆయనకు ఆపుకోవడానికి రెండో చెయ్యి లేదు, దాంట్లో ఫోన్ ఉంది. ముందు ఫోన్ పోయింది, తర్వాత కర్ర పోయింది, ఆఖరున "అమ్మా!" అంటూ ఆయన వచ్చాడు. ప్యాడ్లు ఉన్నాయి కాబట్టి ఒంటికేమీ కాలేదు. ప్యాడ్ లేని చోటే తగిలింది: అందరి ముందూ.

పక్ మా ఇద్దరి మధ్య నుంచి జారి బయటికొచ్చింది. మా అమ్మాయి దాని కోసం వచ్చింది. నేను పడి ఉన్నాను కదా, ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మా కాళ్ళ పక్కనుంచి ఒంపు తిరుగుతూ, "అమ్మా, యు గెట్ అప్!" అని అరిచి, పక్ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాతది నేను చూడలేదు, నా మొహం మీద వీడియోగారి మోచెయ్యి ఉంది. తెనాలి గొంతు ఒకటి రింక్ కప్పుకు తగిలి తిరిగొచ్చింది.

"గోల్ కొట్టిందే! నా మనవరాలు కొట్టిందే!"

ఇంటికి వెళ్తూ కారు వెనకసీట్లోంచి అమ్మాయి అంది: "నెక్స్ట్ సెషన్‌కి నా స్కేట్స్ షార్పెన్ చేయించాలి. నీవి కూడా. నో లెమన్స్."

అమ్మ తీసే ప్రతి వీడియోలోనూ సగం ఆవిడ వేలే ఉంటుంది. ఈ ఒక్కదాంట్లో లేదు. మొదటి నుంచి చివరి దాకా, ఆ "అమ్మా!"తో సహా, అద్దంలా వచ్చింది. "గ్రూపులో పెట్టవే," అని ఆవిడ రోజూ పోరుతోంది. పెట్టలేదు. కింద రాయాల్సిన ముక్క కూడా సిద్ధంగా ఉంది, కూలిపూడి కన్నా బాగుంది. అది కూడా ఎవరికీ చెప్పలేదు. పెట్టేస్తే ఒక్కరోజులో అయిపోతుంది. పెట్టకపోతే వీడియోగారికి శనివారం శనివారం ఉంటుంది.

కొత్త సెషన్ మొదటి రోజు పార్కింగ్ లాట్‌లో వీడియోగారు మా కారు దగ్గరికే వచ్చాడు. ఫోన్ జేబులో ఉంది.

"అక్కా, నమస్తే. గా రోజు... అమ్మగారు ఏమన్న వీడియో తీసిన్రా? ఉంటే జర డిలీట్ చేస్తరా?"

"ఏ వీడియో అండీ?" అన్నాను. డిక్కీ తెరిచి, హాకీ బ్యాగు వైపు చూపించాను. "కాస్త లోపలిదాకా పట్టుకొస్తారా? చాలా బరువుగా ఉంది."