పాట కింద గొంతు

మా అక్క భర్తకు, అంటే మా బావకు, ఉప్పల్‌లో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన ఎవరికీ దొరకడు, సీజన్ కాకపోతే మమ్మల్ని వదలడు. నేను నాచారంలో ఉంటూ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను కాబట్టి, కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకూ నేనే జవాబుదారీనని ఆయన గట్టి నమ్మకం. మిక్సీ ఆగినా సరే, "మరదలా, జర వచ్చి సూడు" అని ఫోన్ చేస్తాడు. నేను తిడతాను, తర్వాత వెళ్తాను. ఏళ్లుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న ఏర్పాటు ఇది.

దసరాకు కెమెరాలకూ లైట్లకూ స్టాండ్లకూ పసుపు కుంకుమ పెట్టడం స్టూడియో వాళ్ల ఆనవాయితీ. ఒక దసరాకు మా బావ అక్కడితో ఆగలేదు. తీసిన పెళ్లిళ్లన్నీ దాచిపెట్టిన హార్డ్ డిస్కులను వరుసగా పేర్చి, వాటికీ తడి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మర్నాడు ఒక డిస్కు పలకలేదు. చూస్తే కేబుల్ పెట్టే సందులో పసుపు ఎండి గట్టిపడి ఉంది.

"పూజ జేస్తె ఖరాబైతదా?" అని నన్నే నిలదీశాడు, ఆ పసుపేదో నేను రాసినట్టు.

"నీళ్లు గలిపి జేస్తె అయితది బావా. మిగిలిన నీళ్లు మీటర్ బోర్డు మీద గూడ సల్లకపోయినవ్?"

రిపేరు చేసే అతను సూదితో గీకి, తుడిచి, డిస్కును మళ్లీ పలికించాడు. అయితే అది బాగయ్యేదాకా బావ ముఖం చూడలేకపోయాను. అందులో ఎవరెవరి పెళ్లిళ్లు ఉన్నాయో గుర్తు చేసుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. వాళ్లెవరూ మాకు చుట్టాలు కారు. అయినా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఈ మనిషిని ఇలా వదిలేస్తే లాభం లేదని అప్పుడే అనుకున్నాను.

క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా పంపి అద్దెకు దాచుకునే చోట, రకరకాల అరలు ఉంటాయి. ఎప్పుడు పడితే అప్పుడు తెరిచి చూసుకునే వాటికి అద్దె ఎక్కువ. ఏళ్ల తరబడి ముట్టుకోమని ఒప్పుకుంటే మాత్రం చాలా చవకగా దాచిపెడతారు. కాకపోతే కావాలన్నప్పుడు వెంటనే చేతికివ్వరు. ముందు అడగాలి, కొన్ని గంటలు ఆగాలి, వాళ్లు అడుగునుంచి పైకి తెచ్చిపెట్టాక మనం దించుకోవాలి. బావకు ఇదంతా గంటసేపు చెప్పాను. వంటింట్లోంచి వింటున్న అక్క, "సజ్జ మీద పెట్టిన గుండిగ లెక్కనే గద" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఒక ఆదివారం స్టూడియోలో కూర్చుని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. సాయంత్రం షట్టర్ దించాక అది పని మొదలుపెడుతుంది. ఒక్కో పెళ్లి ఫోల్డర్‌నూ తెరిచి, ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక గుర్తు లెక్కగట్టి, ఫైలును పైకి పంపుతుంది. అక్కడికి చేరింది ఇక్కడినుంచి పోయినదేనా అని గుర్తులు పోల్చుకుంటుంది. తేడా వస్తే మళ్లీ పంపుతుంది. ఎడిటింగ్ అయిన వీడియోలు మాత్రమే పంపుదామని నేనన్నాను. కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఉన్న ముడి ఫైళ్లు వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవి. కానీ ఏది ఏదో విడదీసి ఇవ్వాలంటే బావ కుర్చీలోంచి లేవాలి.

"అన్నీ పంపు. మస్తు చవక అంటివి గద, ఫికర్ ఎందుకు?" అన్నాడు కూర్చున్నచోటినుంచే. బద్ధకంలో మా బావను మించినవాడు ఉప్పల్ మొత్తంలో ఉండడు. అలా అంతా పైకి వెళ్లింది. పంపడం అయిపోయిన డిస్కుల్లో ఉన్నదంతా చెరిపేసి, వాటిని కొత్త పెళ్లిళ్లకు వాడుకోవడం మొదలుపెట్టాడు.

మా వైపు పెళ్లి వీడియో ఎడిటింగ్ అంటే అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు వేయడమే. తలంబ్రాలకు హుషారు పాట, అప్పగింతలకు ఏడిపించే పాట. పంతులు మంత్రాలు, చంటిపిల్లల ఏడుపులు, కూర చాల్లేదని మేనమామ అలకలు, ఏవీ వినిపించవు. చూసేవాళ్లకు అదే ఇష్టం. పాటల్లేకుండా ఇస్తే "ఏందన్నా, పని సగమే జేసినవ్" అని వెనక్కి తెచ్చిస్తారు.

ఈమధ్య ఒక శుక్రవారం సాయంత్రం నేను స్టూడియోలో ఉండగా, పీర్జాదిగూడ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. తన పెళ్లి వీడియో తీసింది బావేనట. పెన్‌డ్రైవ్ ఇచ్చి, అప్పగింతల దగ్గరనుంచి పెట్టించింది. తెరమీద ఒక పెద్దావిడ కెమెరా వైపే తిరిగి పెదవులు కదుపుతోంది. పైన సినిమా పాట మోగుతోంది.

"మా అమ్మ అన్నా. మొన్ననే పోయింది. సూడున్రి, అప్పగింతల పాట పాడుతున్నది. మస్తు మంచిగ పాడేది. గా సిన్మా పాట తీసేస్తె అమ్మ గొంతు ఇనవడ్తది గద?"

బావ నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"పాట కింద గొంతు లేదమ్మా. అది తీసేసి, దాని జాగల పాట పెట్టిన" అన్నాడు మెల్లగా.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. "పక్షవాతం వచ్చిన కాన్నుంచి అమ్మకు మాట లేకుండె అన్నా. అంతకుముందు నేనేం రికార్డు జేసి పెట్టుకోలే. అమ్మ ఎటు పోతదిలే అనుకున్న. నా బిడ్డ అటెనక పుట్టింది. అమ్మమ్మ గొంతు ఎట్లుంటదో దానికి తెల్వనే తెల్వదు. ఎల్లుండి దినాలు. ఆనాడన్న ఇనిపిద్దామనుకున్న."

"ఉండమ్మా. ముడి ఫైలు ఉంటది. మా మరదలు పైన వెట్టింది" అన్నాడు బావ. ఆమె తలెత్తి స్టూడియో కప్పు వైపు చూసింది.

నాకు మాత్రం ఆ ధీమా లేదు. పైకి పంపడం పంపాను గానీ, ఒక్క ఫైలు కూడా దించి చూసింది లేదు. ఆ మాట ఆమె ముందు అనలేదు. "వస్తదక్కా" అన్నాను, వస్తుందో రాదో తెలియకుండానే. ప్రోగ్రాంలో అన్నిటికన్నా చవకైన పద్ధతి రాసి ఉంది. దాన్లో అడిగితే ఫైళ్లు పైకి రావడానికి రెండు రోజులు, అంటే దినాలు అయిపోయాకే. ఒక్క మాట మార్చి, తొందరగా తెచ్చే పద్ధతిలో అడిగాను. అందిందని జవాబు వచ్చింది. ఇక ఎదురుచూడటమే.

నేను నాచారం చేరేలోపే బావ ఫోన్. "దిగిందా?"

"బావా, అది అంబర్‌పేట్‌ల ఎక్కిన బస్సు గాదు, యాడిదాంక వచ్చిందని కండక్టర్‌ను అడగనీకి. వస్తె నేనే జెప్త."

పడుకునేలోపు మళ్లీ చేశాడు. తిట్టాను గానీ, నేను కూడా ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. ఆమెకు వస్తుందని చెప్పి తప్పు చేశానా అని ఒకటే దిగులు.

శనివారం పొద్దున టీ పెడుతుంటే ఫైళ్లు సిద్ధమని సందేశం వచ్చింది. టీ సగంలో ఆపి ఉప్పల్ వెళ్లాను. దించుకోవడం మొదలయ్యాక ఒక ఫైలు గుర్తు కలవలేదని ప్రోగ్రాం ఆగిపోయింది. బావ నా కుర్చీ వెనకే నిలబడి మెడమీద ఊపిరి వదులుతున్నాడు. మధ్యలో నెట్ తెగింది, అంతే. మళ్లీ దించితే గుర్తు కలిసింది. "మనిద్దరం ఇనొద్దు, ముందు ఆమెనే ఇనాలె" అని బావ పట్టుబట్టాడు. అప్పగింతల ఫైలు దొరికిందని మాత్రం చూసుకుని ఆమెకు ఫోన్ చేశాం.

ఆమె కూతురిని వెంట తీసుకొచ్చింది. చిన్నపిల్ల, ఇంకా బడికి పోయే వయసు లేదు. బావ స్పీకర్ పెంచాడు. ముందు బ్యాండు మోత, ఎవరో చెప్పులు కనబడటం లేదని అరుపు, తర్వాత పెద్దావిడ కెమెరా ముందుకు వచ్చింది. పెదవులు కదిలాయి. ఆవిడ పాట పాడటం లేదు.

"నువ్వు తిన్నవా బిడ్డా? పొద్దుగాల్నుంచి గా కెమెరా మోస్తనే ఉన్నవ్. తిన్నంకనే పోవాలె, సమజైందా? గట్లనే జర నా బిడ్డను మంచిగ దియ్యి. రేపటి సంది నేను గీ బొమ్మలనే సూసుకుంట కూసోవాలె."

కెమెరా వెనకనుంచి ఒక కుర్ర గొంతు వినిపించింది. మా బావదే. "తీస్తున్ననమ్మా. మీరు జర పక్కకు జరుగున్రి, లైటుకు అడ్డమొస్తున్రు."

"అయ్యో, జరుగుత జరుగుత" అంటూ ఆవిడ నవ్వుతూ తెరలోంచి తప్పుకుంది. కనబడకపోయినా గొంతు మాత్రం వస్తూనే ఉంది. ఎవరినో అన్నం పెట్టమంటోంది, ఎవరినో ఏడవొద్దంటోంది, తనేమో ఏడుస్తోంది.

నాకు ఏడుపు ఆగలేదు. బావ వీడియో ఆపాడు. "నాతోని మాట్లాడిందమ్మా మీ అమ్మ. నేనేమో దాని మీద పాటేసిన" అన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏం కొయ్యకు అన్నా. చెప్పుల లొల్లి గూడ ఉండనియ్యి. గిట్లనే ఇయ్యి."

బావ కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఈసారి ఆ చిన్నపిల్ల తల్లి ఒళ్లోంచి దిగి స్పీకర్ దగ్గరికి వెళ్లింది. తెరమీద మనిషిని చూసింది, స్పీకర్‌ను చూసింది, తల్లివైపు తిరిగింది.

"అమ్మా, అమ్మమ్మకు మాటలొస్తయా?"

"మస్తొస్తయ్ బిడ్డా" అందామె, ఏడుస్తూనే నవ్వి. "అస్సలు ఊకునేదే గాదు."