సంకెళ్ళ గారడీవాడి తాళం

మా పెద్దనాయన పోయాడని సూలూరు నుంచి మనిషి వచ్చి చెప్పగానే నేను మొదట అన్న మాట, "ఎవురు సూసినారు?" అని. వచ్చినవాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఏం చెయ్యను? ఆ బుద్ధి నాకు పెట్టినవాడు ఆయనే. మా నాయనకు అన్న. వాన పడుతోందని చెప్పినా సరే, చూరు కింద నుంచి చెయ్యి చాపి తడిస్తేగాని నమ్మేవాడు కాదు.

అంత అనుమానం మనిషికి గారడీవాళ్ళంటే ప్రాణం! పేరుమోసిన వాడెవడు ఆ చుట్టుపక్కలకొచ్చినా, ఆట ముగిశాక వాడి సామానులో ఒకటి అడిగి తెచ్చుకునేవాడు. మామిడిమొక్క మొలిపించిన గుడ్డ, కత్తులు దూర్చిన బుట్ట, ఉండలు మాయం చేసిన గిన్నెలు అన్నీ అటక మీద పత్తి బోరాల పక్కన ఉండేవి. ఊరికే తెస్తాడా? అది ఆటలో వాడినదేనని ఇచ్చినవాడు గుడి ముందర మండే సూడాన్ని, అంటే కర్పూరాన్ని, అరచేత్తో ఆర్పి సత్యం చెయ్యాలి. సూడం ఆర్పి బొంకినవాడు బాగుపడడని మా వైపు నమ్మకం. కుంపిణీ కచేరీ ముద్ర ఉన్న కాగితం కూడా ఆయన కంటికి ఆనదు.

"కాయితం ఎవుడైనా రాస్తాడురా. మండే సూడం మీద సెయ్యి పెట్టమను, అప్పుడు తెలుస్తాది" అనేవాడు.

వాటన్నిటిలోకీ ఆయనకు ముద్దు ఒక తాళం, మా వైపు మాటలో పూట్టు. అవినాశి తేరునాడు సిపాయిలు ఒక గారడీవాణ్ణి గొలుసులతో చుట్టి తాళం వేస్తే, వాడు దుప్పటి కింద నుంచి చేతులూపుకుంటూ లేచి వచ్చాడు. ఆ తాళాన్నే సూడం ఆర్పించుకుని తెచ్చాడు పెద్దనాయన. ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్ళ కంటే ముందు అదే చూపేవాడు. "ఆ తుప్పుముక్కకు పూజ కూడా సెయ్యి, తక్కువేమి?" అని పెద్దమ్మ దెప్పేది.

ఒక పెళ్ళిలో వాడిపట్టి అనే ఊరి వియ్యంకుడు అన్నాడు గదా, "అవినాశి పూట్టా? అది నా కాడ ఉండాది. ఆ గారడీవాడే సూడం ఆర్పి ఇచ్చినాడు!" అని. పెద్దనాయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ ఒక్క సత్యం బొంకైతే అటక మీదున్నదంతా చెత్తే, ఊళ్ళో తన మాటా చెత్తే. బండి కట్టించి, నన్ను లాక్కుని వాడిపట్టి బయలుదేరాడు. దారి పొడుగునా వియ్యంకుడి మీద అనుమానం, బండివాడి మీద అనుమానం, ముందే కబురు పెట్టానేమోనని నా మీదా అనుమానం.

గారడీవాడు ముసలివాడై ఆ ఊళ్ళోనే ఉన్నాడు. పెద్దనాయన తన తాళమూ, వియ్యంకుడి తాళమూ వాడి ముందర పెట్టి, "ఏది అసలుది?" అని నిలదీశాడు.

ముసలాడు నవ్వాడు. "రెండూ కాదు సామీ. సిపాయిల పూట్టు సిపాయిలే ఎత్తుకపోయినారు."

"సామి ముందర సూడం ఆర్పితివే!"

"ఆర్పితి. అయినా సెయ్యి తగలనే లేదు. తగలకుంటే సత్యం ఎక్కడిది? గారడీవాని సెయ్యిని పోయి నమ్మితిరే, సామీ!"

కొట్టేస్తాడని నేను భయపడ్డాను. ఆయన సూడం తెప్పించి ముట్టించి, "ఇంకొక తూరి సెయ్యి" అన్నాడు. ముసలాడు చేశాడు. మళ్ళీ చేశాడు. మీసాలు కాలేంత దగ్గరగా వంగి చూసినా పెద్దనాయనకు గుట్టు దొరకలేదు.

ఇంటికొచ్చి తాళం విసిరేస్తాడనుకున్నాను. తుడిచి, ఉన్నచోటే పెట్టాడు.

"అసలుది కాదు గదా, పెద్దనాయనా?"

"పూట్టు కాదు. మోసం అసలుదిరా! నా కండ్ల ముందర జరిగె. దానికి నేనే సాక్షి."

ఆయన దేన్నైనా అంత సంతోషంగా ఒప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు. నమ్మకపోయినా సరే, దగ్గరికి వంగి చూడాలని నాకు నేర్పినందుకు ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

నేను సూలూరు చేరేసరికి ఆయన్ని వాకిట కూర్చోబెట్టి నీళ్ళు పోస్తున్నారు. ముడుచుకున్న కుడిచేతిని నేనే విప్పాను. అరచేయంతా కాలిన మచ్చలు. మధ్యలో ఒక కొత్త బొబ్బ, ఇంకా పగలలేదు. ఆ గారడీ ఆయనకు చివరిదాకా పట్టుబడనే లేదన్నమాట. చెంబుతో పోస్తున్న వేన్నీళ్ళు ఆ బొబ్బ మీద పడకుండా నా చెయ్యి అడ్డం పెట్టాను.