రోల్ నంబర్ నలభై ఒకటి, నాలుగు గైర్హాజర్లు

కొత్త రాష్ట్రం వచ్చిన రెండో ఏడు, జూన్ మొదటి వారంలో నేను నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసుకు సూపరింటెండెంట్‌గా బదిలీ అయ్యాను. సూపరింటెండెంట్ అంటే ప్రిన్సిపాల్‌కు కింద, మిగతా సృష్టికంతటికీ పైన ఉండే ఉద్యోగం. నా సంతకం పడనిదే నల్గొండలో సూర్యుడు గడియారం స్తంభం దాటి పడమటికి పోయేవాడు కాదు. ఇందులో నేను పెంచి చెప్పింది ఏమైనా ఉంటే అది గడియారం స్తంభం ఎత్తు మాత్రమే.

చేరిన నెలకే ప్రిన్సిపాల్ పిలిచి ఒక పని అప్పగించారు. పూర్వ విద్యార్థుల సంఘం ఒక సభ పెడుతోంది. బంగ్లాదేశ్ యుద్ధం నాటి బ్యాచ్‌లలో చదివి, ఇప్పుడు మన మధ్య లేనివాళ్ల మీద స్మృతి సంచిక వేస్తారు. ఒక్కొక్కరికి ఆరు వరుసలు, వాటిని సభలో పైకి చదువుతారు. నా పని సరిచూడటం. ఆ మనిషి ఇక్కడ చదివాడా అన్నదానికి రిజిస్టర్లు, పోయాడా అన్నదానికి మరణ ధ్రువపత్రం. రెండూ ఉంటేనే మా ఆఫీసు ఒకరిని స్వర్గీయుడైన పూర్వ విద్యార్థిగా గుర్తిస్తుంది. ఒక్కటే ఉంటే ఆయన పెండింగు.

పాత రిజిస్టర్లు రికార్డు గదిలో ఉండేవి. ఆ గదిలోని బల్లి సర్వీసులో నాకంటే సీనియర్. బీరువా తెరవడానికి తాళం చెవి నామమాత్రం, అసలు పని భుజంతోనే. మొదటి రోజు లేచిన దుమ్ముకు పక్క గదిలో జంతుశాస్త్రం లెక్చరర్ తుమ్మి, తుమ్మి, మర్నాడు సెలవు పెట్టాడు.

కుటుంబాలు రాసి పంపిన కాగితాలు ఇంకో పరీక్ష. మొదటాయన మృదుస్వభావి, నలుగురికీ తలలో నాలుక. రెండో ఆయనా అంతే. ముప్పయ్యో కాగితం చదివేసరికి ఒక్కడే ముప్పైసార్లు పోయాడేమోనని అనుమానం వచ్చింది.

సంఘానికి కార్యదర్శి గౌస్ సాబ్. రిటైర్డ్ హెడ్మాస్టర్. ఆయన పనిచేసిన బడిలో కాకులు కూడా ఇంటర్వెల్ బెల్లు కొట్టాకే అరిచేవని చెప్పుకునేవారు. సంఘం నియమావళి ఆయనే రాశాడు. కనీసం ఒక విద్యా సంవత్సరం పూర్తిగా చదివితేనే పూర్వ విద్యార్థి. ఒక్కరోజు తగ్గినా కాదు.

ఆగస్టులో తిరుమలగిరి నుంచి బస్సెక్కి భారతమ్మ వచ్చింది. అరవైకి అటూ ఇటూ వయసు, చేనేత కుటుంబం, ఇప్పటికీ మగ్గం నేస్తుంది. భర్త పేరు నర్సింహ, పోయి మూడేళ్లు. సంచిలోంచి మరణ ధ్రువపత్రం, సైన్యం ఇచ్చిన డిశ్చార్జ్ పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది.

“ఆయన గీ కాలేజీలనే చదివిండు సారూ. మా మరిది, ఆయన బతికున్నన్నాళ్లు ఏడిపిచ్చిండు. ఏ కాలేజన్నా, మగ్గం గుంట కాలేజా అని. ఆయన సచ్చినంక సుత వీడు నోరు మూస్తలేడు. జర పేరు సదివిపియ్యాలె. వాన్ని ముందట కూసోబెట్టి వినిపిస్త.”

అడ్మిషన్ రిజిస్టర్ తీశాను. నర్సింహ పేరుంది. యుద్ధం జరిగిన ఏడు, జూన్‌లో, బి.ఏ. మొదటి సంవత్సరం, రోల్ నంబర్ నలభై ఒకటి. పరీక్ష రాయలేదు. హాజరు పట్టీ తీస్తే ఏడాది పొడుగునా ప్రెజెంట్. గైర్హాజరు నాలుగే రోజులు. ఆ తరగతిలో ఆయనంత శ్రద్ధ ఒకరిద్దరికి మించి లేదు. భారతమ్మకు కుర్చీ చూపించి, టీ తెప్పించి, పని అయిపోయినట్టేనని చెప్పాను. అప్పుడు డిశ్చార్జ్ పుస్తకం తెరిచాను. జూలై మూడో వారంలో సైన్యంలో చేరినట్టు ఉంది. యుద్ధం జరిగిన డిసెంబరులో ఆయన ఎక్కడో ఉత్తరాదిన సైన్యం వంటశాలలో రొట్టెలు కాలుస్తున్నాడు. అదే డిసెంబరులో నల్గొండలో అర్థశాస్త్రం పాఠం కూడా వింటున్నాడు.

రెండూ ప్రభుత్వ కాగితాలే. రెండింటి మీదా ముద్రలున్నాయి.

గౌస్ సాబ్‌కు కబురు పెట్టాను. ఆయన వచ్చి రెండూ చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “మిలిటరీ కాయితం తప్పెట్లైతది సార్. అంటే ఈయన ఇక్కడ నెల రోజులే ఉన్నట్టు. రూల్ ప్రకారం పేరు రాదు. కొట్టేయండి” అన్నాడు. గొంతులో తొందర వినిపించింది. నేను ఆయనను అంతకుముందు ఎప్పుడూ తొందరలో చూడలేదు.

భారతమ్మ వాదించలేదు. “రెండూ ఆయనే సారూ” అని, రేపు మళ్లీ వస్తానని లేచింది.

ఆ సాయంత్రం హాజరు పట్టీ ఇంకోసారి చూశాను. ప్రెజెంట్లు చూస్తే ఏమీ దొరకలేదు. నాలుగు గైర్హాజర్లూ చూశాను. సెప్టెంబరులో వరసగా మూడు రోజులు, జనవరిలో ఒకటి. సైన్యంలో ఉన్న మనిషికి కాలేజీలో గైర్హాజరు పడాలంటే ఏడాదంతా పడాలి గానీ ఈ నాలుగే ఎందుకు పడ్డాయి? అప్పట్లో రోల్ నంబర్లు చేరిన వరసలో ఇచ్చేవారు, కూర్చోవడమూ అదే వరస. లెక్చరర్ తల ఎత్తకుండా నంబరు పిలిచేవాడు, ఎవరో ఒకరు ప్రెజెంట్ సార్ అనేవారు. పక్క గడి చూశాను. నలభై రెండో నంబరుకు కూడా గైర్హాజర్లు నాలుగే. అవే నాలుగు రోజులు. ఆ నంబరు షేక్ గౌస్.

మర్నాడు ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఆ నాలుగు తేదీల దగ్గర కాగితపు చీటీలు పెట్టి పట్టీని గౌస్ సాబ్ ముందుకు జరిపాను. ఆయన ఒక్కో చీటీ తీసి చూసి, మంచినీళ్లు అడిగాడు.

“పరీక్షలకు వస్తనన్నడు” అన్నాడు చివరికి. “అటెండెన్స్ పోతే హాల్ టికెట్ రాదు గద. జర సంభాలించు గౌస్ అన్నడు. సంభాలించిన. సెప్టెంబర్ల నాకు మలేరియా వచ్చింది.”

భారతమ్మ ఆయన వైపు తిరిగింది. “నేనాడ లేకున్నా ఆడ నా పేరు పలుకుతాందే అని ఉత్తరం రాసెటోడంట వాళ్ల అవ్వకు. ఇంట్ల అందరు నవ్విన్రు. ఆ పలికింది మీరేనా?”

“నేనే చెల్లె” అన్నాడు గౌస్ సాబ్. తర్వాత కాగితం తీసుకుని, ఆ ఏడాది నలభై ఒకటో నంబరు తరఫున తానే పలికానని రాసి, సంతకం చేసి నాకిచ్చాడు. నిజాయితీగా రాశాడు. చిక్కల్లా అక్కడే. ఆ కాగితం ఫైలులో పెడితే హాజరు తప్పవుతుంది, హాజరు తప్పయితే నర్సింహ పూర్వ విద్యార్థి కాడు. నిజం ఒప్పుకున్నందుకు మునిగేది భారతమ్మ. ఆమెకు ఆ సంగతి మాకంటే ముందే తెలిసింది. సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

నేను నోట్ ఫైలు తెరిచాను. నోట్ ఫైలు అంటే కింది అధికారి తన అభిప్రాయం పై అధికారి నోట పలికించే సాధనం. అందులో ఇలా రాశాను. ఈ హాజరు పట్టీని లెక్చరర్ మూశాడు, అప్పటి ప్రిన్సిపాల్ సరిచూసి సంతకం చేశాడు. మూసిన పట్టీని దిద్దే అధికారం ఆ ఇద్దరిదే. ఆ ఇద్దరూ ప్రస్తుతం మన స్మృతి సంచికలోనే, స్వర్గీయ గురువుల పేజీలో ఉన్నారు. కాబట్టి పట్టీ ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది. ఇక సైన్యం పుస్తకం వేరే శాఖది, దాన్ని పరిశీలించే అధికారం ఈ ఆఫీసుకు లేదు. రెండూ పక్కపక్కనే అచ్చు వేయవచ్చు. గౌస్ సాబ్ కాగితం కార్యదర్శి వ్యక్తిగత విషయం, ఆయనకే తిరిగి ఇవ్వవచ్చు.

ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివారు. ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, ఇలాంటిది ఇంకోటి తేవద్దన్నారు.

సభ నవంబరులో జరిగింది. నేను అంచనా వేసిన ప్రకారం ఉమ్మడి జిల్లా సగం వచ్చింది, కుర్చీలు మాత్రం రెండు వందలు. భారతమ్మ మరిదిని తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. పేర్లు గౌస్ సాబ్ చదివాడు. నర్సింహ వంతు వచ్చింది. బి.ఏ. మొదటి సంవత్సరం, గైర్హాజరు నాలుగు రోజులు, అదే ఏడాది యుద్ధకాలంలో సైన్యం వంటశాలలో పని. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. గౌస్ సాబ్ చదవడం ఆపి, జేబులోంచి తన కాగితం తీసి, అదీ చదివాడు. తర్వాత, ఇదే తప్పుకు తన బడిలో ఎందరినో ఎండలో నిలబెట్టానని కూడా చెప్పాడు. అది కాగితంలో లేదు.

మరిది భారతమ్మ వైపు వంగి, “నాకెవలు చెప్పిన్రు వదినె?” అన్నాడు.

“మీ అన్న చెప్పిండు. నువ్వే ఇనలే” అంది ఆమె, వేదిక మీంచి చూపు తిప్పకుండా.

నేను యాభై ఎనిమిదేళ్లకు రిటైరయ్యాను. ఆ మధ్యకాలంలో నా కింద చేరిన ప్రతి గుమస్తాకు ఒకటే నేర్పాను. హాజరు పట్టీ చేతికొస్తే ముందు గైర్హాజర్లు చదవండి. ప్రెజెంట్ ఎవరైనా పలకవచ్చు. రాని రోజు మాత్రం ఎవరిది వాళ్లదే. ఇద్దరివి అన్నీ ఒకే రోజుల్లో పడితే, దిద్దే ముందు ఆ ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టండి.