నిలువు ఆధారాల కోసం మిర్యాలగూడ దాకా

2007 ఆగస్టు, నాట్ల కాలం. పొద్దున ఆరున్నరకు సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సెక్కాను. ఈ దారిన వెళ్లదలిచినవాళ్లు కుడివైపు కూర్చోండి, పొద్దుటి ఎండ తప్పుతుంది.

మా బావా నేనూ కలిసి కోదాడలో వెలువడే ఒక పక్షపత్రికకు గళ్ల నుడికట్టు కడతాం. దానికోసం రాష్ట్రమంతా ఎదురుచూస్తుందని బస్సుల్లో పక్కవాళ్లకు చెబుతుంటాను. నిజానికి ఆ పత్రిక కోదాడ దాటితే దొరకదు. సూర్యాపేటలో నా ప్రతి కూడా పోస్టులో రావలసిందే.

గడులు గీసి అడ్డం ఆధారాలు నేను రాస్తాను. నిలువు ఆధారాలు బావవి. ఇతివృత్తం కోసం ఇద్దరం ఏదో ఒక బస్సెక్కేవాళ్లం. ఎదుటి సీటువాడి దగ్గర ఏముంటే అదే ఆ పక్షం ఇతివృత్తం. ఒకసారి తుంగతుర్తి బస్సులో గొర్ల కాపరి పక్కన కూర్చుని, గొంగడి మొదలు ఉన్ని కత్తెర దాకా ఒక నుడికట్టంతా నింపేశాం. పేర్లు పోగుచేయడం నా పని. పేరెత్తకుండా ఆ వస్తువును కళ్లముందు నిలబెట్టడం ఆయన విద్య.

ఉగాది తర్వాత బావకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది, మాట తేరుకోలేదు. అప్పటినుంచి పత్రికలో పాతవే మళ్లీ వేస్తున్నారు. నిలువులు కూడా నేనే రాసి చూశాను. నిఘంటువు చదివినట్టుంది.

ఎనిమిదింటికి కోదాడ. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని ప్రెస్సుకు వెళ్లాను. సంపాదకుడు మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. "ఈ సంచికకి కొత్తది రాకపోతే ఆ చోటు ప్రకటనకి ఇచ్చేస్తానండి, ఏమనుకోకండి" అన్నాడు. నేనొక్కణ్ణే రాసిస్తానంటే తల అడ్డంగా ఊపాడు. రెండు గొంతులు ఉంటేనే అది నుడికట్టట.

తొమ్మిదింపావుకు మిర్యాలగూడ బస్సు. హుజూర్‌నగర్ దాకా మేళ్లచెరువు సిమెంటు లారీల వెనకే నడిచింది. నిలువుల చోటు ఖాళీగా ఉన్న కాగితం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన యూరియా బస్తా మీద కాళ్లు పెట్టుకున్న నడివయసు రైతు తొంగిచూశాడు.

"ఏ వెంచర్ పెద్దయ్యా ఇది? నల్లగ కొట్టినయి అమ్ముడువోయినయా?"

ఊరుకోలేకపోయాను. అవునన్నాను. మిర్యాలగూడ రైలు స్టేషను పక్కనే, తూర్పు ముఖం మూల బిట్టు ఒక్కటే మిగిలిందన్నాను. ఆయన గొంతు తగ్గించి గజం ఎంతని అడిగాడు. అల్లుడికి చెప్పాలని ఫోను తీసేసరికి నాకు సిగ్గేసి, ఇందులో భూమి లేదు, ఉత్త అక్షరాలేనని ఒప్పుకున్నాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జాగ లేదు, పైసల్ లేవు. మరి గింత దూరం ఎందుకు వోతున్నవే?"

మా బావ కోసం అన్నాను. అందులో కోత ఏమీ లేదు.

పదకొండుముప్పావుకు దిగి ఆటో ఎక్కాను. అక్కావాళ్ల ఇల్లు రైస్ మిల్లు వెనక వీధిలో. వీధంతా ఉడికిన వడ్ల వాసన. అక్క గేటు దగ్గరే ఆపింది. "బావను ఏం అడగకు తమ్మీ. పేర్లు దొరుకుతలేవు. దొరక్కుంటే ఏడుస్తడు."

బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు. బామ్మర్ది అంటాడని నిలబడ్డాను. ఆ పిలుపులో సగం వెక్కిరింపు ఉండేది. ఇన్నేళ్లూ నేను ఈ ఊరికి వచ్చింది దానికోసమేనని అప్పుడు తెలిసింది. పెదవులు కదిపి కదిపి, చివరికి అక్కను చూపించాడు. "దీని తమ్ముడు. మస్తు కోస్తడు."

అక్క అన్నం వడ్డించింది, పచ్చిపులుసు. బావ కంచం కొంచెం జరిపి, "తెల్లగ... పేరుకున్నది... కవ్వం వెట్టకముందుది" అన్నాడు.

"పెరుగు. పెరుగనరాదు?" అంటూ అక్క గిన్నె తేవడానికి లేచింది. కళ్లు నాకు కనబడకుండా తిప్పుకుంది.

నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మూడక్షరాలు. భోజనం అయ్యాక ఆయన పంకా వేయమన్నాడు: "పైన తిరుగుతది, యాడికి వోదు." కిటికీ మూయమన్నాడు: "గోడకు కన్ను." నేను కాగితం తీసి, గడులకు సరిపోయినవి సరిపోయినట్టు రాసుకుంటున్నాను. అక్క చూసేసింది.

"ఆయన బాధ నీకు ఆటయిందారా?"

కాగితం బావ ఒళ్లో పెట్టి, ఆయన మాటలే ఆయనకు చదివి వినిపించాను. కదిలే సగం ముఖంతో నవ్వాడు. ఎడమ చేతి వేలు పై గడిలో పెట్టి మెల్లగా కిందికి జరిపాడు. అడ్డంగా ఎక్కడా పోనివ్వలేదు. బుద్ధి లేక, ఇక్కడ ఏం రాయాలని అడిగేశాను. ఆయన పేరు కోసం వెతుకుతున్నాడు. అక్క కొంగు నోటికి పెట్టుకుంది.

"అడుగుడు నాది" అన్నాడు బావ. "చెప్పుడు నీది."

ఏడవలేదు. ఆ సంతోషంలో నేను ఆగలేక, నీ నిలువుల కోసం కోదాడలో ఉత్తరాలు సంచులకొద్దీ పడి ఉన్నాయన్నాను. నాలుగింటికి బయల్దేరుతుంటే అక్క నా జేబు వైపు చూసి, "పెన్ను గీడ్నే ఉంచిపో" అంది. ఇక నుంచి ఆయన అడిగేవన్నీ తాను రాసిపెడుతుందట.

నాలుగున్నరకు సూర్యాపేట బస్సు దొరికింది. వేములపల్లి వైపు పొలాల్లో ఆడవాళ్లు వంగి వెనక్కి వెనక్కి నడుస్తుంటే వాళ్ల ముందు మడి పచ్చబడుతోంది. బావయితే దీన్ని ఏమని అడిగేవాడా అనుకున్నాను. నాకు తోచలేదు.

ఉత్తరాల సంగతి చెప్పేస్తాను. సంచులు లేవు. వచ్చినవి కొన్ని కార్డులే, అవీ నేను వేర్వేరు పేర్లతో రాసినవే. ఆయన నిలువులు కావాలన్నది నేనొక్కణ్ణే. నుడికట్టు నిండింది, రేపు పోస్టులో కోదాడకు వెళుతుంది. తెచ్చుకుందామని వెళ్లిన పిలుపు మాత్రం దొరకలేదు. వచ్చే పక్షం మళ్లీ వెళతాను. బామ్మర్ది అనకపోయినా సరే, ఈసారి పేరెత్తకుండా నన్ను ఏమని అడుగుతాడో వినాలి.