పెద్ద తూటా అక్కర్లేని ఊరు

పోయిన నెల ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంటికి వాడి ఆఫీస్ కుర్రాడొకడు భోజనానికి వచ్చాడు. మన తెలుగు పిల్లాడే, ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు. నన్ను ఆంటీ అనాలో అమ్మమ్మా అనాలో తేల్చుకోలేక, చివరికి ఏమీ అనకుండా ఓ నమస్కారం పెట్టి సోఫాలో కూర్చున్నాడు. కూర్చున్న దగ్గర్నుంచీ ఫోన్‌లో ఏవో బొమ్మలు మావాడికి చూపిస్తూ, జింకల వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొంటున్నాననీ, ఏ తూటాది కొనాలో తేలక చస్తున్నాననీ ఒకటే గోల. ఇది ఇంత దూరం పోతుందిట, అది అంత గట్టిగా తగులుతుందిట, ఇంకోటి భుజాన్ని తన్నదుట. నేను పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్నాను. ఊరుకోవచ్చు కదా, నా నోరు ఊరుకోదు. "ఆ లెక్కలన్నీ తర్వాత బాబూ. వచ్చే పదేళ్ళూ ఏ ఊళ్ళో ఉంటావో ముందు అది చెప్పు" అన్నాను. పిల్లాడు నోరు తెరుచుకుని చూశాడు. అత్తగారికి ఏమైందోనని మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. మా అబ్బాయి మాత్రం నా పళ్ళెంలోంచి ఓ చిక్కుడుకాయ తీసుకుని ఈనె తియ్యడం మొదలుపెట్టాడు. వాడికి కొంత తెలుసు, మిగతాది నేనెవరికీ చెప్పలేదు.

మా ఆయన పవర్ ప్లాంట్లు కట్టే ఇంజనీరు. కట్టడం వరకే ఆయన పని. అందులో కరెంటు పుట్టే వేళకి మేం ఇంకో రాష్ట్రంలో ఇంకో అద్దె ఇంట్లో అట్టపెట్టెలు విప్పుకుంటూ ఉండేవాళ్ళం. ఉద్యోగం మనిషిని అలా చేసిందో, మనిషే వెతుక్కుని అలాంటి ఉద్యోగంలో చేరాడో నేను చెప్పలేను. భోజనానికి కూర్చుంటే మోకాలు ఊపేవాడు, బల్ల మీద మంచినీళ్ళ గ్లాసులు వణికేవి. సినిమాకి వెళ్తే ఇంటర్వెల్ లేని దేశం కదా, మధ్యలో లేచి వెళ్ళి కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి వచ్చేవాడు. అద్దెకు దిగిన నెలకే గోడలు చూసి విసుగుపడేవాడు. నేను మొదట్లో ముచ్చటపడ్డాను, దేశం చూపిస్తున్నాడు కదా అని. తర్వాత తర్వాత ఒళ్ళు మండేది. అప్పుడప్పుడే ఓ ఊళ్ళో పాలు ఎక్కడ తాజాగా దొరుకుతాయో తెలుస్తుంది, పక్కింటావిడ పలకరిస్తుంది, ఇంతలో మళ్ళీ మూటాముల్లె.

డెబ్బైల చివర్లో అలా తిరిగి తిరిగి జార్జియాలో ఓ చిన్న ఊరు చేరాం. ఎర్రమట్టి, ఎటు చూసినా దేవదారు చెట్లు, మా ఏలూరుని తలపించే ఉక్కపోత. ఆ ఉక్కపోత చూసే నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అక్కడే కౌంటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం దొరికింది. అన్నిటికన్నా ముఖ్యం మా అమ్మాయి. ఊరు మారినప్పుడల్లా అది మాట తగ్గించుకుంటూ వచ్చింది. వెనకటి ఊళ్ళో అయితే టీచర్ నన్ను పిలిచి, పిల్లకి చెవులు బాగానే వినిపిస్తాయా అని అడిగింది. అలాంటిది ఈ ఊళ్ళో ఎదురింటి పిల్లతో సైకిలెక్కి, చీకటిపడేదాకా వీధి దద్దరిల్లేలా అరుస్తూ తిరిగేది. ఆ అరుపులు వింటూ నేను పోపు మాడ్చిన రోజులున్నాయి. ఇక ఈ పిల్లని ఇక్కణ్ణుంచి ఎవడూ కదిలించకూడదు అని మనసులో గట్టిగా అనుకున్నాను. ఆయనకి చెప్పలేదు, చెబితే సరే అంటాడు, మళ్ళీ సర్దుతాడు.

వేట పిచ్చి ఆయనకి ఆ ఊళ్ళోనే పట్టుకుంది. ప్లాంట్‌లో పనిచేసే ఓ ఫోర్‌మాన్ తన పాత రైఫిల్ అరువిచ్చి ఓ శనివారం వెంటబెట్టుకెళ్ళాడు. చెట్టు మీద పలక కట్టుకుని కదలకుండా కూర్చోవాలిట. అది విని నేను నవ్వాపుకోలేకపోయాను. ఎలా కూర్చున్నాడో గానీ, సాయంత్రానికి ఓ జింక భుజం ముక్క కాగితంలో చుట్టి తెచ్చాడు. కడుగుతుంటే సగానికి సగం రక్తం గడ్డకట్టి నల్లబడిపోయి ఉంది. అరువు తుపాకీలోది పెద్ద తూటా, దగ్గర్నుంచి తగిలి మాంసం చితికిపోయిందన్నాడు. నేను ఆ నల్లబడిందంతా కోసి పారేసి, మిగిలినది అల్లంవెల్లుల్లి దట్టంగా వేసి వండాను. తిన్నవాళ్ళంతా లొట్టలు వేశారు. అవతల పారేసింది తల్చుకుని నేను మాత్రం సణుగుతూనే ఉన్నాను.

దాంతో సొంత రైఫిల్ కొనాలన్నాడు. సెమీ ఆటోమేటిక్కే కావాలిట. ఒకటి పేల్చాక చేత్తో లాగి రెండోది ఎక్కించుకోనక్కర్లేదు, దానంతట అదే ఎక్కుతుంది. కుదురులేని మనిషికి తగినదే అన్నాను. తుపాకీ ఏదో చిటికెలో తేలిపోయింది. చిక్కంతా తూటా దగ్గర వచ్చింది. అదే తుపాకీ టూ-ఫార్టీ-త్రీ అనే చిన్న తూటాకీ దొరుకుతుంది, థర్టీ-ఆట్-సిక్స్ అనే పెద్ద తూటాకీ దొరుకుతుంది. కొనేటప్పుడే తేల్చుకోవాలి, ఒకదాంట్లో రెండోది పట్టదు. చిన్నది తేలిక, చురుకు, భుజాన్ని తన్నదు, మాంసం పాడుచేయదు. పెద్దది బరువు, దూరాన ఉన్న పెద్ద జంతువుని కూడా పడేస్తుంది. ఇక ప్రతి సాయంత్రం మా డైనింగ్ టేబుల్ మీద మ్యాగజైన్లే. ఆవకాయ జాడీని జింక అనుకోమనేవాడు, ఉప్పు డబ్బా దగ్గర తను. నేను చిన్నదానికే ఓటేశాను. మా అడవుల్లో చెట్ల మధ్య నాలుగిళ్ళ అవతలికి కూడా కనబడదు, ఇక దూరం ఎక్కడిది? ఆయనా సరేనన్నాడు. తీరా కొనే ముందు మాట మార్చి, పెద్దదే మంచిదేమో అన్నాడు.

మర్నాడు ఇంకో మాట. ఆ మర్నాడు ఇంకోటి. రాత్రి అన్నం దగ్గర పిల్లలకి ఎల్క్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. గుర్రమంత జింకట, కొమ్ములు మన ద్వారబంధాల్లో పట్టవట, చిన్న తూటా దాన్ని గిల్లినట్టు కూడా కాదుట. మా అమ్మాయి వింటూ వింటూ, "నాన్నా, అవి మన జార్జియాలో ఉంటాయా?" అని అడిగింది. లేవన్నాడు. మరి ఎక్కడుంటాయంటే, వయోమింగ్ లాంటి చోట అని పళ్ళెంలోకి చూశాడు. వయోమింగ్‌లో బొగ్గు ప్లాంట్లు లేస్తున్నాయని ఆయనే అంతకుముందెప్పుడో చెప్పాడు. ఇంటికి కొత్త గొంతుల ఫోన్లు రావడం, కార్లో ఎప్పుడూ లేనిది రోడ్ అట్లాస్ వచ్చి చేరడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. అడిగేద్దామనుకున్నాను. అడక్కుండా పళ్ళేలు తీసేశాను. ఆ వారమంతా నేనే ఆయనలా అయిపోయాను. లైబ్రరీలో పుస్తకాలు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెట్టాను, ఇంట్లో ఓ గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరిగాను. తుపాకీ షాప్‌కి వెళ్తున్నానని ఆయనంటే, నేనూ వస్తానని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

షాపతను నిదానస్తుడు, పెద్దమనిషి. ఒకేలాంటి రైఫిళ్ళు రెండు అద్దాల బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. మా ఆయన దీన్నెత్తి భుజానికి ఆనిస్తాడు, దించుతాడు, దాన్నెత్తుతాడు. షాపతను కాసేపు చూసి, ఎక్కడ వేటాడతావు, ఇక్కడేనా, ఇంకెక్కడికైనా పోతావా, అదొక్కటీ చెబితే నేను తేల్చేస్తానన్నాడు. మా ఆయన ఇంకా తెలీదండీ అన్నాడు ఇంగ్లీషులో.

నేను తెలుగులో అడిగాను. "వయోమింగ్ వాళ్ళకి ఏం చెప్పారు?"

ఆయన తుపాకీ దించలేదు. "ఏం చెప్పలేదు. ఆఫర్ ఇచ్చారు. టైమ్ అడిగాను."

"నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

"డిసైడ్ అయ్యాక."

"అయితే పెద్దదే కొనుక్కోండి. వెళ్ళండి. ఈసారి నేనూ పిల్లలూ రాం. అమ్మాయి హైస్కూల్ అయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలం."

పెళ్ళయినప్పట్నుంచీ ఆయనతో అలా మాట్లాడలేదు. షాపతనికి తెలుగు ముక్క రాదు గానీ, గుడ్డ తీసుకుని అప్పటికే తళతళలాడుతున్న అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. మా ఆయన తుపాకీని మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాం.

తర్వాత రోజులు ఎలా గడిచాయో అడగకండి. ఆయన కాలుకాలిన పిల్లిలా కారు నిలిపే కార్‌పోర్ట్‌లో అటూ ఇటూ తిరిగేవాడు. నిన్న కోసిన గడ్డినే ఇవాళ మళ్ళీ కోసేవాడు. నేను అట్టపెట్టెలు ఎక్కడున్నాయా అని ఒకసారి చూసుకుని, నా మీద నాకే కోపం వచ్చి తలుపు వేసేశాను. ఓ శనివారం మధ్యాహ్నం ఆయన కారు దిగాడు. చేతిలో పొడుగాటి పెట్టె, దాని మీద చిన్న అట్టడబ్బా. పొడుగుదాని జోలికి నేను పోలేదు, ఆ రెండు రైఫిళ్ళూ చూడ్డానికి ఒకటే. చిన్నది తూటాల డబ్బా, తీసి అంచు మీద రాసింది చదివాను. టూ-ఫార్టీ-త్రీ. ఇంకోసారి చదివాను. ఆయన షర్టు విప్పుకుంటూ అన్నం పెట్టమన్నాడు, అంతే. ఉంటున్నాం అనీ అనలేదు, వయోమింగ్ వద్దన్నాననీ అనలేదు. నేను స్టవ్ వైపు తిరిగి ఏడ్చేశాను. వీధిలో మా అమ్మాయి ఎవరినో తిడుతూ సైకిల్ మీద పోతోంది.

ఆయన ఆ ప్లాంట్‌లోనే పర్మనెంట్‌గా చేరాడు. కట్టేవాడు కాస్తా, కట్టినదాన్ని కాపాడేవాడయ్యాడు. రోజూ అవే గేట్లు, అవే మీటర్లు. ఒక్కనాడూ నన్నొక మాట అనలేదు. కానీ ఆదివారాలు పనేం లేకుండా కారు తీసుకుని ఎటో పోయి, చీకటిపడ్డాక వచ్చేవాడు. ఎక్కడికెళ్ళారంటే, ఊరికే అనేవాడు. గ్లాసులు మాత్రం వణుకుతూనే ఉండేవి.

ఎనభైల చివర్లో అమ్మాయిని కాలేజ్‌లో దింపి, అబ్బాయిని తీసుకుని పడమటి రాష్ట్రాలు చూసొద్దామని డ్రైవ్ చేసుకుంటూ బయల్దేరాం. వయోమింగ్‌లో ఒకచోట ఉన్నట్టుండి ఆయన కారాపి దిగాడు. కంటికి ఆనినంత మేరా గడ్డి, చెట్టన్నది లేదు. ఎక్కడో అవతల ఓ ఎల్క్‌ల మంద మెల్లగా గుట్ట ఎక్కుతోంది, చీమల బారులా. నేనూ దిగి పక్కన నిలబడ్డాను. ఆయన కన్ను చికిలించి దూరం అంచనా వేసి, "మనదాంతో అందదు. ఇక్కడైతే పెద్దదే కావాలి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన మీద జాలీ, ప్రేమా ఒక్కసారే వచ్చిపడ్డాయి. కాసేపటికి, వెళ్దామా అన్నాను. ఇంకాసేపు అన్నాడు. సినిమాలో కూర్చోలేని మనిషి, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఆఖరి ఎల్క్ గుట్ట దాటేదాకా కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డామో అప్పుడూ చూసుకోలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది, ఆ కాసేపు మాత్రం నాకింకా అయిపోలేదు.