మూసేసిన స్టేషన్‌కు ఫోను

మా ఆఫీసు పెద్దాయనకు ఒకటే జబ్బు: ఎవరు కనబడినా "మీవైపు వాన పడిందా?" అని అడగడం. పీటల మీది పెళ్లికొడుకును అడిగాడు. పరామర్శకు వెళ్లి ఏడుస్తున్నవాళ్లనూ అడిగాడు. పళ్ల డాక్టరు నోరు తెరవమంటే, తెరిచిన నోటితో ముందు అదే అడిగాడు. మేమంతా ఆయన్ని వర్షపాతంగారు అనేవాళ్లం.

దేశంలో ఏ ప్రాంతంలో ఏళ్ల తరబడి వాన ఎలా మారుతోందో లెక్కగట్టే సెక్షన్ మాది. గోడ మీది పటంలో తూర్పు తీరం ఏటికేడు ముదురు నీలమవుతోంది. నెలల వాన అక్కడ ఒక్క పూటలో కుమ్మరించి పోతోంది. పడమటి మెట్ట మాత్రం పాలిపోతూ వచ్చి, రోగి మొహంలా తెల్లబడింది. అక్కడి ఊళ్లు చాలావరకు ఖాళీ అయ్యాయి. కొండ మీది వానకొలత స్టేషన్‌ను మూసేసి చాలాకాలమైంది.

అయినా ఆయన రోజూ పొద్దున్నే ఆ స్టేషన్‌కు ఫోన్ చేసేవాడు. కాసేపు విని, రేపు చేస్తానని పెట్టేసేవాడు. అవతల ఎవరున్నారని అడిగితే, "వాన లేదట" అనేవాడు. మూసేసిన స్టేషన్‌లో ఆ "ట" ఎవరు చెప్పినట్టో నాకు అంతుపట్టేది కాదు.

ఒకసారి ఆయన జ్వరమొచ్చి రాలేదు. ఉండబట్టలేక నేనే ఆ నంబరు తిప్పాను. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. ఈలవేస్తున్న గాలి, అందులో ఎవరిదో ఊపిరి. తర్వాత ఒక ముసలి గొంతు, "ఇవాళ ఆలస్యమైందే" అంది. ఠక్కున ఫోను పెట్టేశాను.

ఆ వారమే పైనుంచి ఆర్డరొచ్చింది, ఆ ఫోను తీసేయించమని. నన్నే పంపారు. దారి పొడవునా తాళాలేసిన ఇళ్లు. ఆకు కదలడం లేదు గానీ ఎక్కడో ఒక తలుపు కొట్టుకుంటూనే ఉంది. స్టేషన్ కప్పు కూలిపోయింది. పక్కగది తలుపు మీద చెయ్యి వేశానో లేదో, "వానాఫీసు నుంచా?" అంది లోపల్నుంచి అదే గొంతు. ధైర్యం చేసి తలుపు తోశాను.

తీరా చూస్తే మనిషే. అక్కడ పనిచేసి చనిపోయినాయన భార్య. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. కూతురు రమ్మని ఎంత పోరినా కొండ దిగలేదట. ఒకరోజు జారిపడి ఫోను ఎత్తలేకపోతే, మా పెద్దాయన కింది ఊరి నర్సును జీపెక్కించి మరీ పంపాడట. ఆయన రోజూ వినేది వాన కబురు కాదని నాకప్పుడు అర్థమైంది.

నేను వచ్చిన పని చెప్పేలోగా ఆవిడే గొంతు తగ్గించింది.

"మీ పెద్దాయనకు మాట్లాడే దిక్కు లేనట్టుంది, పాపం. రోజూ లేదు లేదు అని చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది బాబూ. అందుకే మొన్న కాస్త జల్లు పడిందని చెప్పేశాను."

ఫోను తీయకుండానే తిరిగొచ్చాను. తీగ ఎక్కడుందో కనబడలేదని పైవాళ్లకు చెప్పాను. పెద్దాయనతో మాత్రం, మొన్నటి జల్లు లెక్కలో వేయకండి, అది అబద్ధమని అన్నాను.

"తెలుసయ్యా," అన్నాడాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "అబద్ధమాడే ఓపికుందంటే మనిషి బాగున్నట్టేగా."